బిగించిన బ్యాటరీ: ఫోను మూత ఎవరి చేతిలో?

ఆక్స్‌ఫర్డ్‌లో సౌత్ పార్క్స్ రోడ్డు మీద ఉన్న అకర్బన రసాయనశాస్త్ర ప్రయోగశాల గోడకు ఒక స్మారక ఫలకం కనిపిస్తుంది. జాన్ గుడినఫ్, కొయిచి మిజుషిమా, ఫిలిప్ జోన్స్, ఫిలిప్ వైజ్‌మన్ 1980లో ఇక్కడే లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను బ్యాటరీ ధనధ్రువంగా వాడవచ్చునని నిరూపించారు. అంతకుముందు నాటింగ్‌హామ్‌లో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన స్టాన్లీ విటింగ్‌హామ్, అమెరికాలో ఎక్సాన్ సంస్థలో పనిచేస్తూ చేసిన లిథియం బ్యాటరీ రెండు వోల్టులకు కాస్త పైన ఆగిపోయింది. ఆక్స్‌ఫర్డ్ పదార్థం నాలుగు వోల్టులు ఇచ్చింది. దాన్ని పేటెంటు చేయడానికి విశ్వవిద్యాలయం ఆసక్తి చూపలేదు. హక్కులు దగ్గరలోని హార్వెల్ అణుశక్తి పరిశోధన కేంద్రానికి వెళ్ళాయి. ఆ పేటెంటు మీద గుడినఫ్‌కు రాయల్టీ ఏమీ రాలేదు. జపాన్‌లో అకిరా యోషినో ఈ ధనధ్రువానికి సరైన కార్బన్ జోడీని కుదిర్చాడు. 1991లో సోనీ సరుకును బజారులోకి తెచ్చింది. 2019లో గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చేనాటికి గుడినఫ్ వయస్సు 97.

ఈ రసాయనంలోనే దాని ముసలితనం కూడా ఉంది. ఛార్జి ఎక్కిన ప్రతిసారీ గ్రాఫైట్ ధ్రువం మీద ఒక సన్నని పొర కాస్త పేరుకుంటుంది. అందులో చిక్కిన లిథియం మళ్ళీ పనికిరాదు. అంతర్నిరోధం పెరుగుతుంది. అందుకే పాత ఫోను తెర మీద ముప్ఫై శాతం చూపిస్తూనే, కెమెరా తెరవగానే వోల్టేజి పడిపోయి ఆరిపోతుంది. యజమానికి ఫోను చెడినట్లు తోస్తుంది గాని, నిజానికి అరిగిపోయింది ఒక్క బ్యాటరీయే. ఐఫోన్ 14 వరకు వచ్చిన నమూనాలకు, 500 పూర్తి ఛార్జీల తరువాత 80 శాతం సామర్థ్యం మిగిలేలా బ్యాటరీని రూపొందించామని ఆపిల్ సంస్థే చెబుతుంది. అంటే ఇది మార్చవలసిన భాగమని తయారీదారుకు మొదటినుంచీ తెలుసు. కారు టైరు విషయంలో ఎవరికీ సందేహం లేని ఈ సంగతి ఫోను దగ్గరకు వచ్చేసరికి తగాదా ఎందుకయింది?

జవాబు 2007లో ఉంది. ఆ ఆగస్టులో నోకియా, మత్సుషిత తయారు చేసిన 4.6 కోట్ల బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జి అయ్యేటప్పుడు వేడెక్కవచ్చునని ప్రకటించింది. మన ఊళ్ళలో కూడా జనం ఫోను వెనుక డొప్ప తీసి, బ్యాటరీ మీది నంబరు చూసుకున్నారు. ఎంత గగ్గోలు పుట్టినా, పరిష్కారం మాత్రం సులువుగానే దొరికింది: పాతది తీసి కొత్తది పెట్టుకోవడం. ఫోను ఎవరికీ అప్పగించే పని లేదు. అదే ఏడాది నవంబరు 9న బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చిన తొలి ఐఫోన్‌కు వెనుక డొప్ప లేదు. బ్యాటరీని లోపల టంకం పెట్టి అతికించారు. 2011లో ఐఫోన్ 4కు ఐదు రెక్కల మరలు వచ్చాయి, మామూలు స్క్రూడ్రైవరుకు లొంగనివి. తరువాత జిగురు వచ్చింది. పలుచదనం, నీటి నుంచి రక్షణ అన్నవి సాకులు మాత్రమే కావు, నిజమైన లాభాలే. కాని వాటితో పాటు మూత తీసే అధికారం కొన్నవాడి చేయి దాటిపోయింది.

దాని పర్యవసానం 2017 డిసెంబరులో బయటపడింది. బ్యాటరీ అరిగిన ఐఫోన్లు హఠాత్తుగా ఆరిపోకుండా, సాఫ్ట్‌వేరు ద్వారా వాటి వేగాన్ని తగ్గిస్తున్నామని ఆపిల్ ఒప్పుకుంది. మందగించిన ఫోనును చూసి కొత్తది కొన్నవారికి, బ్యాటరీ మారిస్తే సరిపోయేదని తెలిసే అవకాశమే లేకపోయింది. సంస్థ క్షమాపణ చెప్పి, వారంటీ దాటిన ఫోన్లకు బ్యాటరీ మార్పిడి ధరను బ్రిటన్‌లో 79 పౌండ్ల నుంచి 25 పౌండ్లకు తగ్గించింది. 2019 మేలో బ్రిటన్ పోటీ, మార్కెట్ల ప్రాధికార సంస్థకు, బ్యాటరీ స్థితి గురించి వినియోగదారులకు స్పష్టంగా చెబుతామని హామీ ఇచ్చింది. 2022లో జస్టిన్ గట్‌మన్ వేసిన సామూహిక దావాను, పోటీ అప్పీళ్ళ ట్రిబ్యునల్ 2023 నవంబరులో విచారణకు అనుమతించింది. ఆరోపణలను ఆపిల్ తోసిపుచ్చింది.

బ్రిటన్‌లోని తెలుగువారిలో ఇందుకు ఒక పాత ఉపాయం ఉంది: సెలవులకు వెళ్ళినప్పుడు హైదరాబాదులో అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో బ్యాటరీ వేయించుకోవడం. పని పూర్తవుతుంది. అయితే 2018 తరువాతి ఐఫోన్లు బ్యాటరీని సర్క్యూటు ద్వారా గుర్తుపడతాయి. కంపెనీది కానిదయితే అసలైనదో కాదో తేల్చలేమనే సందేశం తెర మీదికి వస్తుంది. రిపేరు పని మరల స్థాయి దాటి సాఫ్ట్‌వేరు అనుమతి దాకా వచ్చిందన్నమాట. లండన్‌లో రీస్టార్ట్ ప్రాజెక్ట్ వంటి స్వచ్ఛంద సంస్థలు ఇరుగుపొరుగువారిని పిలిచి, చెడిన సామాను వారి చేతే విప్పించి బాగుచేయిస్తూ, ఈ ధోరణికి వ్యతిరేకంగా రిపేరు హక్కు కోసం ఉద్యమించాయి. ఆపిల్ 2022 డిసెంబరులో బ్రిటన్ వినియోగదారులకు కూడా విడిభాగాలు, పనిముట్లు, మాన్యువల్స్ అందుబాటులో పెట్టింది.

చట్టం మాత్రం నత్తనడక నడిచింది. 2021 జూలై 1న అమలులోకి వచ్చిన బ్రిటిష్ నిబంధనలు వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు, డిష్‌వాషర్లు, టీవీలకు విడిభాగాల లభ్యతను తప్పనిసరి చేశాయి. చేతిలో అనుక్షణం ఉండే ఫోనును వదిలేశాయి. ఐరోపా సమాఖ్య నిబంధన 2025 జూన్ 20 నుంచి అమలయింది. దాని ప్రకారం ఫోను బ్యాటరీ 800 ఛార్జీల తరువాత కూడా 80 శాతం నిలుపుకోవాలి. ప్రత్యేక శిక్షణ లేనివారు కూడా దాన్ని మార్చుకోగలగాలి. 1000 ఛార్జీలదాకా 80 శాతం నిలబెట్టుకుంటూ నీటికి తట్టుకునే ఫోన్లకు సడలింపు ఉంది. ఖరీదైన నమూనాలు ఆ సందులోంచే దాటుకోవచ్చు. ఈ నిబంధన విండ్సర్ ఒప్పందం వల్ల ఉత్తర ఐర్లండ్‌కు కూడా వర్తిస్తుంది. కనుక బెల్‌ఫాస్ట్‌లో కొన్న ఫోనుకు ఉన్న ఈ రక్షణ, ఆ బ్యాటరీ పుట్టిన ఆక్స్‌ఫర్డ్‌లో కొన్న అదే ఫోనుకు చట్టరీత్యా లేదు.