శాటిలావ్యూ క్రీడల పాఠరక్షణము

జపానుదేశమున 1995 సం. ఏప్రిలు మాసమున నింటెండో సంస్థయు, సెయింట్ గీగా యను ఉపగ్రహ రేడియో సంస్థయుఁ గలసి 'శాటిలావ్యూ' ప్రసారముల నారంభించినవి. సూపర్ ఫామికామ్ అను వీడియో క్రీడాయంత్రమున కిది యుపాంగము. క్రీడలు అంగడినుండి గాక యాకాశమునుండి దిగి, 8 మెగాబిట్ల చిన్న పేటికలో నిలుచుచుండెడివి. పేటిక నిండినపుడు, క్రొత్తదానికై పాతదానిని జెఱుపవలసినదే. 2000 సం. జూను మాసాంతమున ప్రసారము లుడిగినవి. విక్రయమునకు రాని క్రీడలకు, ఏ యింటనో చెఱుపక విడిచిన పేటికయే మూలప్రతి యయ్యెను.

అభిమానులు పాత పేటికలను, లోపల నేమున్నదో యెఱుఁగకయే కొని, యందలి దత్తాంశమును బొల్లుపోకుండ నెత్తి, యుమ్మడి భాండాగారములఁ జేర్చుచున్నారు. ప్రతి పాఠమునకును గణితముచే నొక ముద్రాసంఖ్యను గట్టుదురు. ఒక్క బిట్టు మాఱినను సంఖ్య మాఱును. వేదపాఠమున జటాఘనములు చేయు కాపుదలను ఇచట గణితము చేయుచున్నది. అయితే రెండు పేటికల సంఖ్యలు కలిసిననే పాఠము స్థిరము. ఏకైకప్రతి దొరకినచోట సందేహము వీడదు.

ఈ పంపకము పలుచోట్ల హక్కుదారుల యనుజ్ఞ లేక జరుగుచున్నదనుట నిజము. కాని యొక్కరే దాఁచుకొన్న ప్రతికిఁ బేటిక గతియే పట్టును గదా!

అన్నిటికంటె నష్టపడినది వాచికము. 1995 సం. ఆగస్టున నాలుగు వారములు ప్రసారమైన జెల్డా క్రీడలో కథకుని పలుకులు రేడియోవలె అప్పటికప్పుడు వినవచ్చినవే కాని పేటికలోఁ జేరలేదు. ఆనాఁడు కొందఱు ఆటగాండ్రు వీడియో టేపులపై నెక్కించుకొన్న ధ్వనిని వెదకి తెచ్చి, అభిమానులు దానిని క్రీడతో మరల జతపఱచిరి. టేపు దొరకని ప్రసారముల క్రీడలు నేఁటికిని మూగగానే యున్నవి.