పిల్లవాగు, పెద్ద గోడ

జర్మనీని చీల్చిన గోడ అంటే అందరూ బెర్లినే అంటారు. నాకు మాత్రం మోడ్లరాయ్ట్ అనే పల్లె గుర్తొస్తుంది.

సుమారు 1,400 కిలోమీటర్ల ఆ సరిహద్దు, యాభై గడపైనా లేని ఈ ఊరి నడుమ నుంచే పోయింది. హద్దు ఏమిటనుకున్నారు? టాన్‌బాఖ్ అనే పిల్లవాగు! చెంగున దూకితే అవతలి గట్టు. పూర్వం గట్టుకో సంస్థానం. అయినా ఊరంతటికీ బడి ఒకటే, చర్చి ఒకటే. 1949లో గట్లు రెండు దేశాలయ్యాయి. 1966లో తూర్పు ప్రభుత్వం 700 మీటర్ల కాంక్రీటు గోడ కట్టింది. అవతలి చుట్టానికి తూర్పువాళ్లు చెయ్యి ఊపడం కూడా నిషేధం!

1989 డిసెంబరులో గోడకు దారి పడింది. 1990లో దేశం ఒకటయింది. వాగు మాత్రం నేటికీ బవేరియా, తురింగియా రాష్ట్రాలకు హద్దే. ఉంటే ఉందిలెండి! మనుషుల్ని విడదీసింది వాగు కాదుగా.