మిగులు పాలు, అరువు చలువ: ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలో మిల్క్‌షేక్ పూర్వచరిత్ర

పాలలో పండు గుజ్జునో పరిమళద్రవ్యాన్నో చక్కెరతో చేర్చి, బాగా చల్లబరచి, పైన నురగ నిలిచేదాకా చిలికిన పానీయాన్ని మిల్క్‌షేక్ అంటారు. ఈ నిర్వచనాన్ని మాటమాటగా విడదీసి చూస్తే, కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు ఇందులో చాలావరకు కొత్తదేమీ లేదని తేలుతుంది. పాడి ఉంది, బెల్లమూ చక్కెరా ఉన్నాయి, అరటీ మామిడీ ఉన్నాయి, చిలకడమైతే పాడి ఉన్న ప్రతి ఇంటా తెల్లవారుజామున వినిపించే చప్పుడే. అయినా చల్లని పాలలో పండు చిలికి ఇంట్లోనే తాగే అలవాటు ఇక్కడ 20వ శతాబ్దపు చివరి భాగంలో గానీ వేళ్లూనుకోలేదు. మధ్యాహ్నం వేళకు తాగడానికి మిగిలిన పాలు గానీ, వాటిని చల్లబరిచే సాధనం గానీ అంతకుముందు సామాన్యుల ఇళ్లలో లేకపోవడమే అందుకు కారణం. కనుక ఇక్కడ మిల్క్‌షేక్ చరిత్ర రాయడమంటే, మిగులు పాలు, చలువ అనే రెండూ ఎప్పుడెప్పుడు, ఏ దారిన గడప దాటి లోపలికి వచ్చాయో చెప్పడమే.

ఉత్తరాన తుంగభద్ర, పడమట దాని ఉపనది వేదవతి, అంటే స్థానికుల నోట హగరి, ఈ రెంటి పరిసరాల్లో పరచుకున్న ఈ నేలలో నల్లరేగడి ఎక్కువ, వాన తక్కువ, మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో ఇదొక భాగం. ఆ తరవాత బళ్లారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరింది. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ కలగలిసిన ఈ ఊళ్లలో పానీయాల సంప్రదాయాలూ కలగలిసే ఉంటాయి గనుక, కథను ఏదో ఒక్క వంటింటి నుంచి మొదలుపెట్టడానికి వీలులేదు.

ముందుగా పాల సంగతి. జొన్నచొప్ప మేతగా బతికే ఎనుము, అంటే గేదె, ఇచ్చే పాలలో కొవ్వు దాదాపు 7 శాతం ఉంటుంది. ఆవుపాలలో ఉండేది 4 శాతం దరిదాపుల్లోనే. అయితే పాలు ఒక పూట దాటితే విరిగిపోతాయి, ఎండాకాలంలో ఆ పూట కూడా ఆగవు. అందువల్ల పాడి ఉన్న రైతు ఇంట్లో పాలను పాలుగా తాగడం పసిపిల్లలకు, జబ్బుపడినవారికి, అరుదుగా వచ్చే అతిథులకు పరిమితమై, తక్కినదంతా కాచి, తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి, నెయ్యిగా మార్చే ఏర్పాటు స్థిరపడింది. నెయ్యి నెలల తరబడి నిలుస్తుంది, సంతకు మోసుకుపోవడానికి వీలవుతుంది, దానికి రొక్కం వస్తుంది. మిగిలేది మజ్జిగ, దానిని అమ్ముకోవడం గౌరవం కాదు గనుక ఇరుగుపొరుగుకు ఊరికే పోసేవారు. చల్లకు వచ్చి ముంత దాచడం అనే తెలుగు సామెత పుట్టింది ఈ ఏర్పాటులోనే: పాడి లేని ఇంటివారు మజ్జిగ కోసం ముంత పట్టుకుని రావడం నిత్యం జరిగే పని కాకపోతే, ముంత దాచే మొగమాటానికి సామెతలో చోటుండేది కాదు. జొన్నసంగటిలోకీ అంబలిలోకీ ఆ మజ్జిగే ఆధారం. ఇంత పకడ్బందీ లెక్కలో, పాలను చక్కెరతో, పండుతో కలిపి సరదాకు తాగేయడమంటే నేతి డబ్బాకు చిల్లు పెట్టుకోవడమే. 1876–78 నాటి మహాక్షామంలో బళ్లారి, కర్నూలు జిల్లాలు మనుషులతో పాటు పశువులనూ లెక్కకు మిక్కిలిగా పోగొట్టుకున్నాయని గుర్తుంచుకుంటే, ఈ పొదుపును పిసినారితనంగా ఎవరూ తీసిపారేయలేరు.

చిలికే పద్ధతి కూడా గమనించదగ్గదే. నిలువునా పాతిన గుంజకు కవ్వాన్ని తగిలించి, దానికి చుట్టిన తాడు రెండు కొసలనూ చేతులు మార్చి లాగితే కవ్వం అటొకసారి ఇటొకసారి తిరుగుతుంది. కొవ్వు కణాలు మరీ గట్టిగానూ మరీ కరిగిపోయీ ఉండకుండా నడిమి స్థితిలో ఉన్నప్పుడే ఒకదానికొకటి తగిలి వెన్నగా ముద్దకడతాయి. అందుకే తెల్లవారుజామున చిలికేవారు. అందుకే వేసవిలో చన్నీళ్లు, చలికాలంలో గోరువెచ్చని నీళ్లు కుండలో పోసేవారు. నురగ ఆ పనిలో మధ్యలో వచ్చిపోయే దశే తప్ప లక్ష్యం కాదు. మిల్క్‌షేక్‌కు కావలసిందేమో సరిగ్గా ఆ నురగ దశ దగ్గర ఆగిపోవడం. ఈ తేడా తరవాత మిక్సీ వచ్చిన కాలంలో మళ్లీ ఎదురవుతుంది.

పాలను పండుతో కలపడానికి పొదుపు మాత్రమే కాక వైద్యమూ అడ్డుపడింది. చరకసంహిత సూత్రస్థానం విరుద్ధాహారాన్ని, అంటే విడివిడిగా మంచివే అయినా కలిస్తే హాని చేసే పదార్థాలను, చెబుతూ పుల్లని పండ్లన్నింటినీ, వాటితో పాటు అరటి, పనస, దానిమ్మ వంటివాటినీ పాలతో కలపరాదని జాబితా కట్టింది. ఆ గ్రంథం పేరు వినని ఇళ్లలో కూడా పాలూ పండూ ఒకేసారి కడుపులో పడకూడదన్న పెద్దల మాట చెల్లుబాటయింది. విచిత్రమేమిటంటే, అదే ఇంట్లో దేవుడి గదికి ఈ నియమం వర్తించలేదు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర కలిసిన పంచామృతంలో అరటిపండు ముక్కలు వేయడం చాలాచోట్ల ఆచారం. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయం ఈ రెండు ఊళ్లకూ చేరువలోనే ఉంది. అక్కడి బృందావనానికి జరిగే పంచామృతాభిషేకం ఈ ప్రాంతపు ఇళ్లకు బాగా పరిచితం. వైద్యం వద్దన్న కలయికను తీర్థంగా పుచ్చుకోవడానికి ఎవరూ వెనుకాడలేదు. కాకపోతే అది ఉద్ధరిణెడు, గ్లాసెడు కాదు.

ఇక చలువ సంగతి. ఇది ఇళ్లలోకి వచ్చిన తొలి దారి షర్బతు. తాగడమనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి వచ్చిన ఈ మాట, విజయనగరం పతనానంతరం 1568లో ఆదోని కోట బిజాపూరు ఆదిల్‌షాహీల వశమైన కాలంలో దక్కనీ నోళ్లతో పాటు ఇక్కడ స్థిరపడి ఉండాలి. ఆదోనిలో జామియా మసీదును కట్టించినవాడూ, మంత్రాలయం అనే మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చినవాడిగా మఠ సంప్రదాయం చెప్పుకునేవాడూ సిద్ది మసూద్ ఖానే. అంటే పంచామృతమూ షర్బతూ ఒకే పాలకుడి నీడలో పక్కపక్కన నడిచాయన్నమాట. మొహర్రం నెలలో జరిగే పీర్ల పండుగ రాయలసీమలో హిందువులూ ముస్లిములూ కలిసి చేసుకునేది. కర్బలా మైదానంలో దప్పికతో అసువులు బాసినవారి జ్ఞాపకంగా ఆ రోజుల్లో షర్బతు పంచుతారు. శ్రీరామనవమికి మిరియాలు, యాలకులు వేసిన బెల్లం పానకం పంచినట్టే ఇదీ పుణ్యకార్యం. రెండింటి వెనకా ఎండ ఉంది, చలివేంద్రం ఉంది.

రంజాన్ ఉపవాసం విడిచే వేళ తాగే షర్బతులో నానబెట్టిన సబ్జా గింజలు, ఫాలూదాలో పిండితో వత్తిన సన్నని సేమ్యా, వాటిమీద పోసిన చల్లని పాలు, గులాబీ పాకం: మిల్క్‌షేక్‌కు ఈ నేలమీద అసలైన పూర్వికులు ఇవే. అయితే వీటికి కావలసిన చలువ చాలాకాలం కలిగినవారి సొత్తు. అక్బరు కొలువులో నీటిని చల్లబరిచిన విధానాన్ని అబుల్ ఫజల్ ఆయినే అక్బరీలో వివరించాడు: రెండున్నర సేర్ల సురేకారాన్ని అయిదు సేర్ల నీటిలో కలిపి, సేరు నీళ్లున్న మూతిబిగించిన కూజాను అందులో పావుగంట సేపు తిప్పేవారు. సురేకారం కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. తుపాకిమందుకు పనికివచ్చే ఉప్పే పానీయాన్నీ చల్లార్చింది. సామాన్యుడి ఇంట్లో మట్టికుండ, తడిగుడ్డ, ఇసుక తప్ప వేరే సాధనం లేదు. కుండ నీటిని చల్లబరుస్తుంది గానీ, పాలు విరగకుండా పొద్దంతా కాపాడేటంత చలువ ఇవ్వలేదు. నల్లమల అడవుల్లో చెంచులు సేకరించే సుగంధిపాల వేరుతో చేసే నన్నారి షర్బతు సీమ అంతటా వ్యాపించి, పాల షర్బతు మాత్రం పండుగలకే పరిమితం కావడంలో ఈ సంగతి పాత్ర ఉంది. నన్నారికి నీళ్లు, నిమ్మకాయ చాలు.

1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం ఆదోని మీదుగా రాయచూరు చేరి, బొంబాయి వైపు నుంచి వచ్చిన మార్గంతో కలిసింది. దానితో ఆదోని పత్తి బజారుకు దూరదేశాల గిరాకీ దగ్గరైంది. జిన్నింగ్ మిల్లులు, అంటే దూది నుంచి గింజను వేరుచేసే కర్మాగారాలు, నూనె మిల్లులు వెలిశాయి. బట్టలు, బంగారం, పత్తి వ్యాపారాల వల్ల ఊరికి రెండో బొంబాయి అనే పేరు నిలిచింది. పాల చరిత్రకు ఇందులో ముఖ్యమైనది దూది కాదు, గింజ. పత్తిగింజలో నూనె దండిగా ఉంటుంది. దానిని నానబెట్టి గానీ, గానుగాడిన చెక్కగా గానీ మేపితే ఎనుము పాలు చిక్కబడతాయని పాడివారికి బాగా తెలుసు. వేరుశనగ చెక్క సరేసరి. చొప్ప మీదే బతికిన పశువుకు మిల్లుల పక్కనే బలమైన దాణా దొరకడంతో, పట్టణంలో పాలుపోసేవారి వృత్తికి ఒక ఆదరువు ఏర్పడింది. దత్తమండలాల వ్యవసాయ చరిత్రలు పత్తి ధరల గురించి రాసినంతగా ఈ గింజ గురించి రాయకపోవడం లోటే.

మంచుగడ్డ మొదట ఓడరేవుల్లోనే దిగింది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అమెరికా చెరువుల మంచును రంపపు పొట్టులో కప్పి ఓడల్లో 1833లో కలకత్తాకు పంపాడు. 1842లో మద్రాసు సముద్రతీరాన మంచు నిలవకు ఐస్‌హౌస్ కట్టారు. యంత్రాలతో మంచు తయారీ వచ్చాక ఆ వ్యాపారం మూతపడింది గానీ, గోనెసంచి, పొట్టు అనే కట్టుబడి మాత్రం మిగిలింది. 1872లో హైరమ్ కాడ్ రూపొందించిన గోలీసీసా తెలుగుదేశంలో గోలీసోడాగా, దాని వెంట ఐస్‌ఫ్రూటు, బాదంపాలు వీధుల్లోకి వచ్చాయి. ఇవన్నీ బజారు రుచులు. చలువను ఇంట్లో ఉంచుకోవడం ఇంకా సాధ్యపడలేదు.

మిల్క్‌షేక్ అనే మాట 1880ల అమెరికాలో పుట్టింది. మొదట గుడ్డు, విస్కీ కలిసిన బలవర్ధక పానీయానికి వాడిన పేరది. తరవాత పాకాలు, మాల్టు పొడి చేరాయి. సోడా దుకాణాల కోసమే 1922లో స్టీఫెన్ పొప్లావ్‌స్కీ గిన్నె అడుగున తిరిగే రెక్కల యంత్రాన్ని తయారుచేశాడు. ఆ కథ ఇక్కడికి ఇంతవరకే అవసరం.

ఈ రెండు ఊళ్ల ఇళ్లను మార్చినవి తుంగభద్ర ఆనకట్ట, దాని దిగువ కాలువ, విద్యుత్తు, పాల సేకరణ. 1953లో నీటి నిలవ మొదలైన ఆ జలాశయం నుంచి దిగువ కాలువ ఈ ప్రాంతపు పొలాలకు చేరడంతో పచ్చిమేతకు కొంత వీలు కలిగింది. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం అప్పటికే నేతగాళ్లకు కూలిని క్రమంగా చేతికందించే పద్ధతి నేర్పింది. పాలు కొనుక్కునే పట్టణ కుటుంబం ఏర్పడటానికి ఇటువంటి రొక్కపు రాబడి అవసరం. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్, 1974లో ఏర్పడిన రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో దాని స్థానంలో వచ్చిన సహకార సమాఖ్య, విజయ పేరుతో అమ్మిన పాలు కలిసి ఒక పాత లెక్కను తలకిందులు చేశాయి. అంతవరకు పాడి ఉన్న ఇంట మిగిలితేనే పాలు. ఇప్పుడు పాడి లేని ఇంట కూడా కావలసినంత మిగులును అరలీటరు ప్యాకెట్ల లెక్కన కొనుక్కోవచ్చు.

1958లో గోద్రెజ్ దేశీయంగా ఫ్రిజ్ తయారుచేసింది. విదేశీ బ్లెండర్లు మన పప్పులకూ మసాలాలకూ నిలవలేకపోవడం గమనించి, సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు 1960ల్లో సుమీత్ మిక్సీని తెచ్చాడు. ఈ రెండింటిలో మధ్యతరగతి ఇళ్లకు మిక్సీయే ముందు చేరింది. పచ్చళ్లకూ దోసెపిండికీ పనికొస్తుందన్న సాకుతో వచ్చినా, సెలవుల్లో పిల్లల చేతికి చిక్కింది. అయినా మిల్క్‌షేక్‌ను నిలబెట్టింది ఫ్రిజ్జేనని చెప్పాలి. కాచి చల్లార్చిన పాలు సగం గడ్డకట్టేదాకా దాచుకోగలిగితేనే నురగ నిలుస్తుంది. వెచ్చటి పాలను మిక్సీలో ఎంత తిప్పినా నిలవదు.

ఇక్కడే కవ్వం పాఠం మళ్లీ పనికొచ్చింది. ఎనుము పాలను మీగడ తీయకుండా ఎక్కువసేపు తిప్పితే, గ్లాసు అంచున వెన్న పలుకులు తేలుతాయి. అందుకే మీగడ పక్కకు తీసి, మూడో వంతు ఖాళీ ఉండేలా జారు నింపి, ఆపి ఆపి తిప్పాలని ఇళ్లలో త్వరగానే గ్రహించారు. 3 శాతం కొవ్వుండే టోన్డ్ పాలకు ఆ బెడద తక్కువ. అరలీటరు పాలకు నాలుగైదు సపోటాలు, మూడు నాలుగు చెంచాల చక్కెర అనేది వాడుకలో నిలిచిన కొలత. పాలకు సపోటా ఎంత అనుకూలమో బొప్పాయి అంత ప్రతికూలం: దానిలోని రసాయనం పాల మాంసకృత్తులను విడగొట్టి కాసేపటికే చేదు తెస్తుంది. జ్యూస్ సెంటర్లలోనూ ఇళ్లలోనూ ఈ పానీయాన్ని పాలు కలిసినా సపోటా జ్యూస్ అనే పిలుస్తారు. మిల్క్‌షేక్ అన్న మాట ధరల పట్టికకే అంకితమైంది.

జిల్లా తూర్పుదిక్కున, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన బనగానపల్లె పేరిట 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బేనిషా మామిడికి మే నెల మంచి అదను. చాంద్రమానం ప్రకారం ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరిగే రంజాన్ 2018, 2019 సంవత్సరాల్లో ఆ మే నెలలోనే వచ్చింది. మామిడి గుజ్జు చిలికిన చల్లని పాలలో సబ్జా గింజలు వేసుకుని ఉపవాసం విడిచే అవకాశం, ఆ లెక్కన, మళ్లీ 2050 దరిదాపుల్లో గానీ రాదు.