వోటర్ల జాబితాలో స్త్రీ పేరు

రాజనీతిశాస్త్రము చిరకాలము రాజ్యము, శాసనము, ప్రభుత్వాంగములు అను విషయములనే ప్రధానముగా విచారించినది. పౌరుడనగా స్త్రీయా, పురుషుడా యను ప్రశ్న అందు అరుదుగా పుట్టెను. నేడు జెండర్ అధ్యయనమని వ్యవహరింపబడు విచారణకు మూలము ఈ ప్రశ్నయే. దీని ప్రాముఖ్యమును గ్రహించుటకు సిద్ధాంతగ్రంథములకంటె ముందుగా మన దేశపు వోటర్ల జాబితాలను పరిశీలించుట మేలు.

1921లో మద్రాసు శాసనమండలి పురుషులకుగల అర్హతలపైననే స్త్రీలకును వోటుహక్కు నంగీకరించెను. కాని ఆ అర్హతకు ముఖ్యాధారము ఆస్తి. సొంత ఆస్తిగల స్త్రీలు కొలదిమందియే. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము ఈ పరిధిని పెంచినది. అక్షరాస్యతతోపాటు, ఆస్తి అర్హతగల పురుషునకు భార్య యగుటయు పెక్కు రాష్ట్రములలో స్త్రీకి అర్హతగా నెంచబడెను. అనగా భార్యాత్వమే హక్కునకు హేతువైనది.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము ఈ నిబంధనల నన్నిటిని తొలగించి, 21 సంవత్సరములు నిండిన పౌరులందరకు వోటుహక్కు నొసగెను. అయితే జాబితాలు వ్రాయువారు ఇంటింటికి పోయినపుడు, కొన్ని ప్రాంతముల స్త్రీలు ఆచారము ననుసరించి పరాయివారికి తమ పేరు చెప్ప నిష్టపడలేదు. 'ఫలానావాని భార్య', 'ఫలానావాని కుమార్తె' అనియే వారు వ్రాయించుకొనిరి. సుకుమార్ సేన్ ప్రధానాధికారిగా నున్న ఎన్నికల సంఘము అట్టి నమోదు చెల్లదని నిర్ణయించినది. బీహారులో పేర్లు సరిచేయించుకొనుటకు గడువును పొడిగించిరి. ఐనను 1951-52 ఎన్నికలనాటికి సుమారు 8 కోట్ల స్త్రీ వోటర్లలో దాదాపు 28 లక్షలమందికి జాబితాలో చోటు లేకపోయెను. వీరిలో మిక్కిలి యెక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశము, మధ్యప్రదేశము, మధ్యభారతము, రాజస్థానము, వింధ్యప్రదేశములకు చెందినవారు.

ఇచట గమనింపదగిన వైపరీత్య మొకటి గలదు. 1935లో ఏ భర్తృసంబంధము వోటు నిచ్చినదో, 1951 నాటికి ఆ సంబంధముచేతనే గుర్తింపబడుట వోటును పోగొట్టినది. పౌరసత్వము వ్యక్తికే గాని బంధుత్వమునకు గాదను సూత్రము సంఘనిర్ణయమున గలదు, అది సమంజసమే. కాని ఆ సూత్రమునకు మూల్యము చెల్లించినవారు, పేరు చెప్పరాదను ఆచారమును తాము కల్పింపని స్త్రీలు. చట్టము సమానమైనంతనే ఫలము సమానము కాదని ఈ ఉదంతము తెల్పుచున్నది.

ఈ అంతరమును శాస్త్రీయముగ విచారించుటకు మార్గమేర్పరచినది, 1971లో కేంద్రప్రభుత్వము నియమించిన స్త్రీల స్థితి పరిశీలక సంఘము. రాజనీతిశాస్త్రజ్ఞురాలు వీణా మజుందార్ దానికి సభ్యకార్యదర్శినిగా వ్యవహరించెను. 1974లో సమర్పింపబడిన ఆ సంఘపు నివేదిక, రాజ్యాంగము వాగ్దానము చేసిన సమానత్వము అధికసంఖ్యాకులగు స్త్రీల జీవితములకు అందలేదని నిరూపించెను.

1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగసవరణ పంచాయతీలలో స్త్రీలకు మూడవవంతునకు తక్కువగాని స్థానముల నేర్పరచినది. అయినను భార్య సర్పంచిగా నుండగా భర్త అధికారము చెలాయించు గ్రామములు నేటికిని గలవు. జాబితాలో పేరు నిలిచినది; పేరు వెనుకనున్న అధికార మెవరిదను ప్రశ్న మిగిలినది. కావున పరిశోధకులు పోలైన వోట్లను లెక్కించుటతో తృప్తిపడక, జాబితాలో ఎవరి పేరు ఏ విధముగ నమోదైనదో, ఎవరి పేరు లేకపోయినదో కూడ విచారింపవలసియున్నది.