పిలిస్తే పలకని బిడ్డ: ఆటిజం నిర్ధారణ తాండూరు దాకా నడిచిన దారి

తాండూరులో నాపరాయి కోసే, పాలిష్ పట్టే మిషన్ల రొద కొత్తవాళ్ళకు తప్ప ఊరివాళ్ళ చెవికి ఆనదు. అలాంటి చోట మూడేళ్ళ పిల్లవాడు ఆ రొద వినగానే రెండు చెవులూ గట్టిగా మూసుకుని ఏడుస్తాడు. అదే పిల్లవాణ్ని తల్లి వెనక నుంచి పేరు పెట్టి పదిసార్లు పిలిచినా తల తిప్పడు. “పిలిస్తే పలుకుతలేడు” అనే మాటతోనే చాలా ఇళ్ళలో కథ మొదలవుతుంది. ముందు చెవుడేమో అనుకుంటారు. నిద్రపుచ్చి చేసే బేరా పరీక్షలో వినికిడి బాగానే ఉందని తేలుతుంది. నాయనమ్మ ధైర్యం చెబుతుంది: “వాళ్ళ నాయనకు గూడ నాలుగేండ్లకే మాటలొచ్చినయ్.” ఆ ధైర్యంతోనే ఒక్కోసారి రెండేళ్ళు గడిచిపోతాయి.

తర్వాత వచ్చే ప్రశ్నలు వికారాబాద్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా దాదాపు ఒకటే. ఇది ఏ పరీక్షలో తెలుస్తది? మా తప్పేమన్నా ఉందా? సూది మందు వల్ల వచ్చిందా? బుద్ధిమాంద్యమూ ఇదీ ఒకటేనా? సర్టిఫికెట్ ఇస్తరా? వీటిలో ప్రతి ప్రశ్నా ఒకప్పుడు ప్రపంచంలో పెద్ద డాక్టర్లు వేసుకున్నదే. కొన్నిటికి వాళ్ళు తప్పు జవాబులు చెప్పారు. ఆ తప్పుల ఖరీదు తల్లులు చెల్లించారు.

‘ఆటిజం’ అనే మాటను పుట్టించినవాడు స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు యూజెన్ బ్లాయ్‌లర్. 1911లో వచ్చిన పుస్తకంలో ఆయన దాన్ని వాడింది పిల్లల గురించి కాదు, స్కిజోఫ్రీనియా ఉన్న పెద్దలు తమలోకి తాము ముడుచుకుపోవడం గురించి. పిల్లల్లో ఈ తీరును శ్రద్ధగా రాసిపెట్టిన తొలివాళ్ళలో మాస్కోకు చెందిన గ్రున్యా సుఖరేవా ఒకరు. 1925లో ఆరుగురు మగపిల్లల గురించి ఆమె రాసినది ఇవాళ చదివినా నిన్నటి కేసు షీటులా ఉంటుంది. కానీ దశాబ్దాల పాటు ఆమె పేరు ఎవరికీ పట్టలేదు.

పేరు దక్కింది లియో కానర్‌కు. ఆయన అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి డాక్టరు. ఆయనకు ఆ దారి చూపింది మాత్రం ఒక తండ్రి. 1938లో మిసిసిపీ రాష్ట్రం ఫారెస్ట్ అనే చిన్న ఊరి నుంచి ఒక లాయరు తన కొడుకు డొనాల్డ్ గురించి 33 పేజీల ఉత్తరం టైపు చేయించి పంపాడు. పిల్లవాడు ఏం తింటాడు, ఏం తినడు, ఏ మాటలు మళ్ళీ మళ్ళీ పలుకుతాడు, గుండ్రటి వస్తువు కనిపిస్తే ఎలా గిరగిరా తిప్పుతాడు, ఒంటరిగా ఉంటే ఎంత హాయిగా ఉంటాడు అన్నీ అందులో ఉన్నాయి. 1943లో కానర్ ప్రచురించిన పత్రంలో 11 మంది పిల్లలున్నారు, 8 మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. మొదటి కేసు డొనాల్డే. పెద్ద శబ్దాలకు ఈ పిల్లలు భయపడతారని కానర్ అప్పుడే గమనించాడు. డొనాల్డ్ ట్రిప్లెట్ చదువుకున్నాడు, ఊరి బ్యాంకులో ఉద్యోగం చేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు. 2023లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆటిజం ఉన్న బిడ్డకు ముందున్న దారి ఏమిటని అడిగేవాళ్ళకు ఆ జీవితం తెలిసి ఉండాలి. అందరి దారీ అలా సాగదన్నదీ నిజమే.

1944లో వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ మరికొందరు పిల్లల గురించి రాశాడు. వాళ్ళు మాటకారులే, తమకు నచ్చిన విషయంలో లోతైన జ్ఞానం ఉన్నవాళ్ళే, కానీ నలుగురిలో కలవలేరు. ఆస్పర్గర్ నాజీ వ్యవస్థకు సహకరించాడని, కొందరు పిల్లల్ని శిశుహత్యలు జరిగిన ష్పీగెల్‌గ్రుండ్‌ కేంద్రానికి పంపడంలో అతని చేయి ఉందని 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు పత్రాలతో బయటపెట్టాడు. ఆటిజంలో ఒక రకాన్ని ఆస్పర్గర్ పేరుతో పిలవడం ఇప్పుడు చాలామంది మానుకోవడానికి అదొక కారణం.

ఇక “మా తప్పేమన్నా ఉందా?” అన్న ప్రశ్న. ఈ చరిత్రలో అన్నిటికన్నా బరువైనది ఇదే. ఆటిజం పుట్టుకతో వచ్చేదని రాసిన కానరే, ఆ పిల్లల తల్లిదండ్రులు ఎక్కువమంది ఆప్యాయత చూపలేని మనుషులని కూడా రాశాడు. ఆ రెండో మాటే లోకం పట్టుకుంది. ‘ఫ్రిజ్ తల్లులు’ అనే నింద పుట్టింది. తల్లి ప్రేమ చల్లబడితే బిడ్డ మనసు గడ్డకట్టిందట! షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఈ వాదంతో ఒక పుస్తకమే రాసి పేరు సంపాదించాడు. దానికి మూడేళ్ళ ముందే, 1964లో, ఆటిజం ఉన్న కొడుకు తండ్రి, మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినదని పుస్తకం రాసి వాదించాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 21 జతల కవలల్ని పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జతల్లో నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జతల్లో ఒక్క జతలోనూ ఇద్దరికీ లేదు. ఇద్దరూ పెరిగింది ఒకే తల్లి ఒడిలో అయినప్పుడు ఈ తేడా ప్రేమ వల్ల వచ్చేది కాదు. వంశపారంపర్యానికి పెద్ద పాత్ర ఉందని తర్వాతి పరిశోధనలు మరింత గట్టిగా చెప్పాయి.

అయినా నింద చావలేదు, వేషం మార్చుకుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని, దిష్టి తగిలిందని, పనికి పోయి బిడ్డకు ఫోన్ ఇచ్చిందని వేలు మళ్ళీ తల్లివైపే తిరుగుతుంది. ఫోన్ల సంగతి తేల్చుకోవడం సులభం: కానర్ ఆ పిల్లల్ని చూసేనాటికి మొబైల్ ఫోను కాదు కదా, చాలా ఇళ్ళలో టీవీ కూడా లేదు. ఫోను ముందు గంటలు గడిస్తే బిడ్డతో మాట్లాడే సమయం తగ్గుతుంది, అందుకు దాన్ని తగ్గించాల్సిందే. ఆటిజాన్ని పుట్టించేది మాత్రం అది కాదు.

తాండూరు, బషీరాబాద్ వైపు మరో అనుమానం వినిపిస్తుంది. అటు కర్ణాటక సరిహద్దు. ఒకే వాడలో తెలుగు, ఉర్దూ, కన్నడం, తండాల్లో లంబాడీ. ఇన్ని భాషల మధ్య బిడ్డ గందరగోళపడి మాట్లాడటం లేదేమో అని పెద్దలంటారు. రెండు మూడు భాషలు వినడం ఆటిజానికి కారణం కాదు. ఇంటి భాషను మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడమనే సలహా విని తల్లి తనకు రాని భాషలో బిడ్డను లాలించబోతే, ఉన్న ఒక్క వంతెనా తెగుతుంది.

టీకా భయానికి పుట్టిన తేదీ కూడా ఉంది. 1998 ఫిబ్రవరిలో ‘లాన్సెట్’ పత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం 12 మంది పిల్లలతో అచ్చువేసిన పత్రం తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాపై అనుమానం లేపింది. 2010లో పత్రిక దాన్ని ఉపసంహరించింది, అదే ఏడు వేక్‌ఫీల్డ్ వైద్యుడిగా నమోదు కోల్పోయాడు. డెన్మార్క్‌లో 5 లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఆ టీకాకూ ఆటిజానికీ సంబంధం కనబడలేదు. మాటలు ఆగిపోయాయని ఇంట్లో గమనించే వయసూ టీకా వేసే వయసూ ఒకటే కావడం వల్లే తల్లి మనసు ఆ రెంటినీ ముడివేస్తుంది.

రక్త పరీక్ష, స్కానింగ్ ఏవీ ఆటిజాన్ని తేల్చలేవు. చూడాలి, అడగాలి, బిడ్డతో ఆడాలి. ఏం చూడాలన్నదే కాలంతో మారింది. 1979లో లండన్‌లోని క్యాంబర్‌వెల్ ప్రాంతంలో లోర్నా వింగ్, జూడిత్ గూల్డ్ పిల్లల్ని వెతికి వెతికి పరిశీలించి, కానర్ గీసిన ఇరుకు గీత బయట ఇంకా చాలామంది ఉన్నారని చూపారు. వింగ్ స్వయంగా ఆటిజం ఉన్న అమ్మాయికి తల్లి. ‘స్పెక్ట్రమ్’ ఆలోచన అక్కడి నుంచి బలపడింది. అమెరికన్ మానసిక వైద్యుల గ్రంథం 1980లో ఆటిజానికి వేరే పద్దు ఇచ్చింది, 1994లో ఆస్పర్గర్ పేరు చేర్చింది, 2013లో అన్నిటినీ ఒకే స్పెక్ట్రమ్ కిందికి తెచ్చింది. శబ్దం, వెలుగు, స్పర్శ పట్ల అతిగానో తక్కువగానో స్పందించడాన్ని ఆ ఏడే లక్షణాల పట్టికలో పేరుపెట్టి చేర్చారు.

అప్పటికే ఆ సంగతి మన పక్కన రాసిపెట్టి ఉంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మనోవికాస్‌నగర్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ) ‘ఇసా’ అనే భారతీయ కొలమానం తయారుచేసింది, అది 2009లో విడుదలైంది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. ఇతరులతో కలవడం, భావాలు, మాట, ప్రవర్తన, ఇంద్రియాలు, గ్రహణశక్తి అని ఆరు భాగాలు. ఇంద్రియాలకే ఆరు అంశాలు కేటాయించారు. చెవులు మూసుకునే తాండూరు పిల్లవాడికి ఆ కాగితంలో ముందే చోటు ఉందన్నమాట. మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం; 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యమం, ఆపైన తీవ్రం.

పరీక్ష గదిలో జరిగేది బయటికి ఆటలాగే కనిపిస్తుంది. సబ్బు బుడగలు ఊది ఆపేస్తారు. ఇంకా కావాలంటే బిడ్డ ఏం చేస్తాడు? కళ్ళలోకి చూసి అడుగుతాడా, వేలు పెట్టి చూపుతాడా, లేక ఊదేవాళ్ళ చెయ్యి పట్టుకుని సీసా మీద పెడతాడా? మనిషిని కాకుండా మనిషి చేతిని పిలవడం అన్నది అనుభవజ్ఞుల కళ్ళు ఆగే చోటు. ఏడాది దాటినా వేలితో చూపకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే నాలుగేళ్ళదాకా ఆగకూడదు.

ఆటిజమూ బుద్ధిమాంద్యమూ ఒకటి కాదు, కొందరిలో రెండూ ఉంటాయి. చట్టానికి ఈ తేడా ఆలస్యంగా తెలిసింది. 1995 నాటి వికలాంగుల చట్టంలోని ఏడు రకాల్లో ఆటిజం లేదు. దాంతో సర్టిఫికెట్ కావాలంటే బిడ్డను బుద్ధిమాంద్యం కింద నమోదు చేయించాల్సి వచ్చేది. ఢిల్లీలో 1991లో మెరీ బరువా మొదలుపెట్టిన ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ లాంటి తల్లిదండ్రుల సంస్థలు పట్టుబట్టి పనిచేశాయి. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేరుపెట్టి గుర్తించింది. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో దాన్ని చేర్చింది, అది 2017 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం శిబిరాల్లో పాత పేరుతో కాగితం తీసుకున్న ఎందరో ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళను మళ్ళీ చూసి సరైన పేరు రాసే పని మిగిలే ఉంది.

2018లో ప్రచురితమైన ఇంక్లెన్ అధ్యయనానికి దేశంలో ఎంచుకున్న అయిదు చోట్లలో హైదరాబాద్ ఒకటి. 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల్లో దాదాపు ఎనిమిదిమందిలో ఒకరికి ఏదో ఒక నాడీ ఎదుగుదల లోపం కనబడింది. ఆటిజం నూటికి ఒకరికి అటూఇటూ.

తాండూరు ఉన్న వికారాబాద్ 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య తనిఖీ పథకం ఆర్‌బీఎస్‌కే కింద ఆరోగ్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వెళ్ళి పిల్లల్ని చూడాలి, వాళ్ళ పట్టికలో ఆటిజమూ ఉంది. ప్రత్యేక అవసరాలున్న బడి ఈడు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. కానీ తాండూరు నుంచి బోయిన్‌పల్లికి వంద కిలోమీటర్లు పైనే. కూలి పోగొట్టుకుని, రైలు పెట్టెలో జనం అరుపులకు చెవులు మూసుకున్న బిడ్డను ఒడిలో అదుముకుని, అటు అంత దూరం ఇటు అంత దూరం. స్పీచ్ థెరపీకి వారానికి రెండుసార్లు రమ్మంటే నెలకొకసారి కూడా కుదరని ఇళ్ళవి. నిర్ధారణ దూరంగా జరిగినా ఫరవాలేదు, రోజువారీ సాధన దగ్గర్లో దొరకాలి. వికారాబాద్‌లోనో తాండూరులోనో తెలుగూ ఉర్దూ వచ్చిన స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు వారమంతా కూర్చునే ఏర్పాటు ఉంటే ఈ ప్రయాణాల్లో సగం తప్పుతాయి.

ఈలోగా ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. డాక్టరు గదిలో పది నిమిషాలు కనబడనిది ఇంట్లో రోజంతా కనబడుతుంది. బిడ్డ చక్రం తిప్పుతున్నప్పుడు, పిలిస్తే తిరగనప్పుడు, అమ్మ చెయ్యి పట్టుకుని బిస్కెట్ డబ్బా దగ్గరికి లాక్కెళ్ళినప్పుడు ఫోనులో రెండేసి నిమిషాలు వీడియో తీసి, కింద తేదీ, వయసు రాసుకుని తీసుకెళ్తే పరీక్షించేవాళ్ళు దాన్ని చాలా శ్రద్ధగా చూస్తారు. ఫారెస్ట్ ఊరి లాయరు 33 పేజీల్లో టైపు చేయించింది కూడా అలాంటి సంగతులే.