ఐదు సెకన్ల ఎడం

దోస్తయెవ్‌స్కీ ‘జూదరి’ని మళ్ళీ చదివాను. 1865లో వీస్‌బాడెన్ రూలెట్ బల్ల దగ్గర ఉన్నదంతా పోగొట్టుకున్న మనిషి, మరుసటి ఏడాది గడువు ముంచుకొస్తుంటే, అన్నా అనే యువతికి చెప్పి నెల లోపే రాయించిన నవల. ఆమెనే పెళ్ళాడాడు. వ్యసనం మాత్రం 1871 దాకా వదలలేదు. ఆ మరుసటి ఏడాది చివరికి జర్మనీలో జూదశాలలు చట్టప్రకారం మూతపడ్డాయి. బాడెన్-బాడెన్‌లో తిరిగి తెరిచింది 1933లో.

ఇంటర్నెట్ జూదానికి మొదట తలుపు తీసింది ఉత్తరాన ఉన్న చిన్న రాష్ట్రం ష్లెస్విగ్-హోల్‌స్టైన్. 2012లో తానొక్కటే లైసెన్సులిచ్చింది. ప్రభుత్వం మారి, 2013లో ఆ చట్టం రద్దయింది. ఇచ్చిన లైసెన్సులు మాత్రం చెల్లుబాటయ్యాయి.

2021 జులై 1 నుండి దేశమంతటికీ ఒకే ఒప్పందం. అన్ని సంస్థలకూ కలిపి నెలకు సాధారణంగా వెయ్యి యూరోలే జమ చేయాలి. స్లాట్ ఆటలో పందెం ఒక యూరో దాటకూడదు, ఒక్కో ఆటకు కనీసం ఐదు సెకన్లు పట్టాలి. మోతాదుల మధ్య ఎడం పాటించమని రోజూ రోగులకు చెప్పేవాణ్ణి కనుక, నా కన్ను ఆ ఐదు సెకన్ల మీదే నిలిచింది.

‘ఒయాసిస్’ అనే నిషేధ జాబితాలో పేరు చేర్చమని ఇంటివారూ కోరవచ్చు. అన్నా కోరేదా? ఆవిడ నగలు తాకట్టుకు పోయాయి. అయినా 1871లో భర్తను చివరిసారి వీస్‌బాడెన్‌కు డబ్బిచ్చి పంపింది ఆవిడే.