మట్టి ఇటుకకు అరబీ పేరు

అడోబీ అనగానే మన పిల్లలకు కంప్యూటర్ కంపెనీ గుర్తొస్తుంది. అసలు అది ఎండలో ఆరబెట్టిన పచ్చి ఇటుక పేరు. అరబీలో ఇటుకను తూబ్ అంటారు. ముందు ‘అల్’ చేరితే అత్తూబ్ అని పలుకుతారు. ప్రాచీన ఈజిప్టులో పుట్టిన ఈ లఫ్జ్ అరబీలోకి వచ్చి, అందలూస్ మీదుగా స్పానిష్‌లో కలిసి, ఓడలెక్కి అమెరికా చేరింది. అక్కడ మట్టి ఇటుకలు అంతకుముందే ఉన్నాయి. అరబీ నుంచి వెళ్లింది పేరే.

ఆ పేరు మోస్తున్న ఇమారత్ ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన, పెటలూమాలో ఉంది. అప్పట్లో కాలిఫోర్నియా మెక్సికో హుకూమత్ కింద ఉండేది. సైన్యాధికారి మరియానో వయేహోకు 1834లో 44 వేల ఎకరాల జమీన్ ఇచ్చారు. 1836లో ఆయన ఈ రెండంతస్తుల ఇల్లు మొదలుపెట్టాడు. గోడల మందం దాదాపు మూడడుగులు. వాన తగిలితే పచ్చి ఇటుక కరిగిపోతుంది కాబట్టి చుట్టూ వెడల్పాటి వరండాలు. పశువుల చర్మాలు, కొవ్వు ఇక్కడి ప్రధాన తిజారత్.

ఇమారతుల తారీఖ్ రాసేటప్పుడు మా జర్నలిస్టులం ముందు మాలిక్ పేరే రాస్తాం. నాకు మాత్రం ఈ ఇటుకలు ఎవరు పోశారన్నదే అసలు సవాల్. మట్టి తొక్కింది, గడ్డి కలిపింది, పొలం దున్నింది కోస్ట్ మివోక్, పోమో వంటి ఆదివాసీ తెగల మజ్దూర్లు. వందలాది మంది. కొందరు తిండికీ సామాన్లకూ పనిచేశారు. కొందరిని సైనిక దాడుల్లో పట్టి తెచ్చారు. 1837-38లో మశూచి వచ్చి ఆ ఇలాకాలో ఆదివాసులు వేల సంఖ్యలో చనిపోయారు.

మాలిక్ వైభవమూ నిలవలేదు. 1846లో అమెరికన్ వలసదారులు వయేహోను ఖైదు చేశారు. తర్వాత హుకూమత్ మారింది, జమీన్లు చేజారాయి. 1857లో ఆయన ఈ ఇంటిని అమ్మేశాడు. సగం ఇల్లు కూలిపోయింది. 1910లో ఒక సంఘం కొని మరమ్మతు చేయించింది. 1951లో రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చింది. ఇప్పుడది అందరూ చూడగలిగే చారిత్రక పార్కు.

ఇంటి పక్కన తవ్వకాల్లో ఆ మజ్దూర్ల నిషానీలు దొరికాయి: రాతి పనిముట్లు, గాజు పూసలు. ఇనుము వచ్చాక కూడా వాళ్లు తమ రాతి హునర్ వదల్లేదన్నమాట. వాళ్ల పేర్లు మనకు అందలేదు, చేతిపని అందింది.

బే ఏరియాలో మీ రిష్తేదార్లుంటే ఒకసారి వెళ్లి రమ్మనండి. మాలిక్ గదులతో పాటు ఆ గోడలనూ దగ్గరగా చూడమనండి.